సవరణ: యాంటీబయాటిక్ పరిమితులు అమల్లోకి రాలేదు

నిబంధనలు పరిశ్రమల ఎదుగుదలకు అడ్డు కావంటూ పటాన్‌చెరు మందుల పరిశ్రమ గురించి నేను రాసిన పోస్టులో ‘వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు కేంద్రం పరిమితులు పెట్టింది, అయినా పరిశ్రమ పెరిగింది’ అన్న వాక్యం తీసేశాను. ఆ పరిమితులు 2020 జనవరి ముసాయిదాలోనే ఉన్నాయి. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో లేవు. కాబట్టి నిబంధనలు ఎదుగుదలకు అడ్డు కావనడానికి దీన్ని రుజువుగా చూపకూడదు. అసలు అమలే కాని నిబంధన అది!

2007 నాటి స్వీడన్ శాస్త్రవేత్తల అధ్యయనం గురించి రాసింది మాత్రం అలాగే ఉంటుంది. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రంలో శుద్ధయి బయటికొచ్చిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి పోయేవి. ఉత్పత్తి ఇంత పెరిగింది, ఎగుమతులు అంత పెరిగాయి అని చెప్పే లెక్కల్లో ఆ వాగుల పక్క పొలాల నష్టం ఎక్కడా కనబడదు. ఆ మాట ఇప్పుడు పోస్టులో చేర్చాను.