సవరణ: ‘స్పాక్స్ బ్రెయిన్’ చివరి ఎపిసోడ్ కాదు

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ షో స్టార్ ట్రెక్ పాత సిరీస్‌కి ‘స్పాక్స్ బ్రెయిన్’ చివరి ఎపిసోడ్ అనీ, ఆ దెబ్బతోనే సిరీస్ మూతపడిందనీ మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. ప్రసార తేదీల జాబితా చూస్తే, అది మూడో సీజన్‌లో మొదటిది. 1968 సెప్టెంబర్ 20న ఎన్‌బీసీ టీవీలో వచ్చింది. సిరీస్ 1969 జూన్ దాకా నడిచింది.

రచయితగా లీ క్రోనిన్ పేరు పడుతుంది గానీ, అది జీన్ ఎల్. కూన్ కలంపేరు. ఇదే సిరీస్‌లో ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ లాంటి మంచి కథ రాసిందీ ఆయనే, నమ్మబుద్ధి కాదు!

కథ నాసిరకమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. షోలో ముఖ్య పాత్ర అయిన స్పాక్ మెదడుని ఎత్తుకుపోతే, మెదడు లేని అతన్ని రిమోట్‌తో నడిపించడం సరే, దాన్ని తిరిగి పెట్టే ఆపరేషన్ మధ్యలో డాక్టర్ మెకాయ్ నేర్చుకున్నది మర్చిపోతుంటే, బల్లమీద పేషెంటుగా ఉన్న స్పాకే ఏం చేయాలో చెప్తాడు. టెన్షన్ పడాల్సిన చోట నవ్వొస్తుంది.