బొమ్మ మెరిసింది.. వెనకున్న కథే మాయమైంది

2003 డిసెంబరులో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో భాగం 'ది రిటర్న్ ఆఫ్ ది కింగ్' థియేటర్లకు వచ్చినప్పుడు అందులో సరుమాన్ లేడు. మొదటి రెండు భాగాల్లో అంత హడావుడి చేసిన మాంత్రికుడు మూడో దాంట్లో ఒక్క సీన్లో కూడా కనిపించలేదు. తన బురుజులోనే బందీగా పడి ఉన్నాడని ఎవరో అనేస్తారు, అంతటితో ఆ పాత్ర కథ ముగిసింది. ఆ వేషం వేసిన క్రిస్టఫర్ లీ బాగా నొచ్చుకున్నారు, ప్రీమియర్‌కి కూడా వెళ్లలేదు. ఏడాది తిరిగాక, 2004 డిసెంబరులో వచ్చిన డీవీడీలో సరుమాన్ చావు సీను ఉంది. అంటే ఒక ముఖ్యమైన విలన్ ఏమయ్యాడో తెలియాలంటే ప్రేక్షకుడు డిస్కు కొనుక్కోవాల్సి వచ్చింది.

సినిమా విడుదలయ్యాక డిస్కు తయారుచేయడమంటే నకళ్లు తీయడమేనని చాలామంది అనుకుంటారు. నవలల నుంచి వచ్చిన ఫాంటసీ సినిమాల విషయంలో అది పూర్తిగా తప్పు. వెయ్యి పేజీల కథలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న నిర్ణయం ఒకసారి స్క్రిప్టులో, ఇంకోసారి ఎడిటింగులో జరుగుతుంది. మూడోసారి డిస్కు దగ్గర జరుగుతుంది. రేపటి తరానికి మిగిలేది ఆ మూడో నిర్ణయమే. థియేటర్లో ఆడిన బొమ్మ కొన్ని వారాల్లో వెళ్లిపోతుంది, ఇంట్లో చూసిందే గుర్తుంటుంది.

దర్శకుడు పీటర్ జాక్సన్ బృందానికి ఈ సంగతి మొదట్లోనే తెలుసు. మొదటి భాగం మామూలు డీవీడీ 2002 ఆగస్టులో వచ్చింది. నవంబరులో మళ్లీ నాలుగు డిస్కుల ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ తెచ్చారు. దాని పెట్టె పాతకాలపు బైండు పుస్తకంలా ఉంటుంది. మొదటి భాగానికి ఆకుపచ్చ, రెండో దానికి ఎరుపు, మూడో దానికి నీలం. రెండు డిస్కుల్లో సినిమా, మిగతా రెండింటికి 'అపెండిసెస్' అని పేరు. టోల్కీన్ తన నవల చివర వంశవృక్షాలూ, లిపులూ, కాలపట్టికలూ చేర్చిన భాగానికి పెట్టిన పేరే అది. తీసేసిన సీన్లను ఓ మూల బోనస్‌గా పడేయలేదు. వాటికి గ్రాఫిక్స్ పూర్తి చేశారు, హోవర్డ్ షోర్ కొత్త సంగీతం కట్టి రికార్డు చేశారు, సినిమాలో వాటి చోట వాటిని కూర్చారు. మొదటి భాగానికి సుమారు అరగంట కలిసింది, మూడో భాగానికి దాదాపు 50 నిమిషాలు.

ఆ అదనపు నిమిషాలు ఏం చేశాయో చెప్పడానికి ఫరామిర్ పాత్ర ఒక్కటి చాలు. నవలలో ఫరామిర్, కథకు మూలమైన మాయా ఉంగరం ఆశకు లొంగనివాడు. దారిలో పడి ఉన్నా తీసుకోనంటాడు. సినిమాలో మాత్రం ఆ ఉంగరాన్ని మోస్తున్న ఫ్రోడోని పట్టి ఉంగరంతో సహా తండ్రి దగ్గరికి తీసుకెళ్లబోతాడు. 2002 చివర్లో రెండో భాగం చూసిన టోల్కీన్ అభిమానులకు ఒళ్లు మండిపోయింది. మంచివాడిని చెడగొట్టారన్నారు. ఆ మరుసటి ఏడాది ఎక్స్‌టెండెడ్ ఎడిషన్‌లో ఒక ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. ఓస్గిలియాత్ నగరాన్ని తిరిగి గెలిచిన రోజు, అన్న బొరొమిర్ చుట్టూ సైనికులు కేరింతలు కొడుతుంటారు. అన్నదమ్ములిద్దరూ నవ్వుకుంటూ గ్లాసులు ఎత్తేసరికి తండ్రి డెనెథర్ దిగుతాడు. పెద్దకొడుకును కౌగిలించుకుంటాడు, చిన్నకొడుకును అందరిముందూ చిన్నబుచ్చుతాడు. ఉంగరం తెచ్చే పనికి తాను వెళ్తానని ఫరామిర్ ముందుకొస్తే మాట సాగనీయకుండా కొట్టిపారేసి, పెద్దవాణ్నే పంపుతాడు. కొన్ని నిమిషాల సీనే. కానీ అది చూశాక ఫరామిర్ ఉంగరాన్ని తండ్రికి ఎందుకు అప్పగించాలనుకున్నాడో, ఏ ఆకలి అతన్ని తోసిందో తెలిసిపోతుంది. నవలలోని ఫరామిర్ తిరిగి రాకపోయినా, సినిమాలోని ఫరామిర్‌కి ఓ మనసు దొరికింది. థియేటర్ వెర్షన్ మాత్రమే చూసినవాళ్లకు ఇతను అర్థం కాని మనిషిగానే మిగిలిపోతాడు.

గిమ్లీ సంగతీ అంతే. ఎల్ఫుల దొరసాని గలాద్రియెల్ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ఒక్క వెంట్రుక అడిగానని, ఆమె మూడు ఇచ్చిందని తోటి ప్రయాణికుడు లెగోలాస్‌తో చెప్పుకునే చిన్న సీన్ థియేటర్లో లేదు. గొడ్డలి పట్టుకుని నవ్వించే పాత్రగా కనిపించిన మరుగుజ్జులో అంత మెత్తదనం ఉందని డిస్కులోనే తెలుస్తుంది.

చేర్చిందంతా బంగారమని నేననను. మూడో భాగంలో ప్రేతసైన్యం సహాయానికి ఒప్పుకుంటున్నట్టు ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ ముందే చూపించేస్తుంది. దాంతో యుద్ధభూమి దగ్గర ఓడల్లోంచి వాళ్లు దూకే క్షణంలోని థ్రిల్ సగానికి సగం పోయింది. జాక్సన్ కూడా థియేటర్ వెర్షన్లనే అసలైనవిగా చెబుతూ వచ్చారు. అందుకే రెండూ ఉండాలి. ఒకటి రెండోదాన్ని తుడిచేయకుండా, చూసేవాళ్లు పోల్చుకునే వీలుండాలి.

నన్ను అడిగితే మాత్రం, ఆ పెట్టెలో అన్నిటికన్నా విలువైనవి సినిమా లేని ఆ రెండు డిస్కులే. మాంత్రికుడు గ్యాండాల్ఫ్, ఫ్రోడో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే సీను అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒకరు నిలువెత్తు మనిషి, ఇంకొకరు హాబిట్ అనే పొట్టి జాతికి చెందిన మూడున్నర అడుగుల వాడు. నిజానికి ఆ బల్ల రెండు ముక్కలు. చిన్న సైజు ముక్క కెమెరాకు దగ్గరగా గ్యాండాల్ఫ్ వైపు, పెద్ద సైజు ముక్క దూరంగా ఫ్రోడో వైపు. కెమెరా కదలకుండా ఉంటే ఇది పాత ట్రిక్కే. వీళ్లు కెమెరాను కదిలించారు. అది కదిలినప్పుడల్లా దానికి తగ్గట్టు నటుడు కూర్చున్న వేదిక కూడా జరిగేలా ఏర్పాటు చేశారు. ఆ వేదిక జరగడాన్ని అపెండిసెస్‌లో కళ్లారా చూడొచ్చు. ప్లాస్టిక్ పైపుల్ని రింగులుగా కోసి, ఒక్కొక్కటీ చేత్తో తగిలించి గొలుసు కవచాలు అల్లిన పనివాళ్లనూ చూడొచ్చు. వేళ్ల మీది గీతలు అరిగిపోయేంత పని అది. రాక్షససేన అరుపుల కోసం వెల్లింగ్టన్‌లో క్రికెట్ మ్యాచ్ చూడ్డానికొచ్చిన వేలమంది చేత జాక్సన్ స్వయంగా మైకు పట్టుకుని అరిపించడం కూడా అందులోనే ఉంది. సినిమా తీయాలని కలలుగనే పిల్లలకు ఫిల్మ్ స్కూలు ఫీజు లేకుండా దొరికిన పాఠాలివి. పైగా నాలుగు కామెంటరీ ట్రాకులు. దర్శకుడూ రచయితలూ ఒకదాంట్లో, డిజైనర్లు ఇంకోదాంట్లో, తర్వాత నిర్మాణ బృందం, నటీనటులు.

ఆ తర్వాతి విడుదలల్లో అసలు చిక్కు మొదలైంది. 2011లో ఎక్స్‌టెండెడ్ ఎడిషన్లు బ్లూరేకి వచ్చాయి. మొదటి భాగమంతా ఆకుపచ్చ ఛాయ కమ్మేసి ఉంది. మంచుకొండల తెలుపు కూడా ఆకుపచ్చగా కనిపించింది. అభిమానులు పాత డీవీడీ ఫ్రేమునూ కొత్త ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి చూపించారు. అది పొరపాటు కాదు, దర్శకుడూ ఛాయాగ్రాహకుడూ చూసి ఒప్పుకున్నదేనని కంపెనీ నుంచి జవాబు వచ్చింది. 2020 డిసెంబరులో బ్లూరే కన్నా స్పష్టత ఎక్కువున్న 4కే డిస్కు వచ్చింది. ఆ పచ్చదనం పోయింది, రంగులు కుదుటపడ్డాయి, అందుకు సంతోషమే. కానీ ఈ సినిమాలు ఫిల్మ్ మీద తీసినవి. ఫిల్మ్‌కి సహజంగా ఉండే సన్నటి రేణువుల్ని (గ్రెయిన్‌ని) కంప్యూటర్‌తో నునుపు చేశారు. చాలా చోట్ల ముఖాల మీద చర్మం మైనం పూసినట్టు అయింది. ఈ సినిమాల ఛాయాగ్రాహకుడు ఆండ్రూ లెస్నీ 2015లోనే పోయారు. తాను వేసిన వెలుగు గురించి ఒక మాట చెప్పడానికి ఈసారి ఆయన లేరు.

అంతకన్నా బాధ పెట్టేది ఇంకోటి. ఆ 4కే సెట్లో అపెండిసెస్ లేవు. మరుసటి ఏడాది 'ది హాబిట్' మూడు భాగాలతో సహా ఆరు సినిమాలు కలిపి 31 డిస్కులతో పెద్ద సెట్టు తెచ్చారు. అందులోనూ లేవు. 31 డిస్కుల్లో ఆ పనివాళ్లకు చోటు దొరకలేదు! ఓటీటీలో చూసేవాళ్లకు వచ్చేది ఎటూ సినిమా ఒక్కటే. రిజల్యూషన్ పెరిగిన కొద్దీ ఆ సినిమాను ఎలా కట్టారన్న సమాచారం తగ్గుతూ వచ్చింది. ఈ రోజు కొత్తగా కొనే ఇరవై ఏళ్ల కుర్రాడికి సగం కోసిన ఆ బల్ల సంగతి తెలియాలంటే పాత డీవీడీల కోసం వెతుక్కోవాలి. దీన్ని పురోగతి అని నేను ఒప్పుకోలేను. పాత బోనస్ డిస్కుల్ని కొత్త పెట్టెలో పెట్టడానికి మళ్లీ షూటింగేమీ అక్కర్లేదు. చేయాలన్న పట్టింపు ఉంటే చాలు.

ఇంటికొచ్చిన కాపీ సినిమాను మార్చేయడం కొత్తేమీ కాదు. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లో కాన్సస్ సీన్లు గోధుమరంగు ఛాయలో ఉండేవి. దశాబ్దాల పాటు టీవీల్లో, టేపుల్లో అవి ఉత్త నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. 1989లో వచ్చిన స్వర్ణోత్సవ క్యాసెట్‌తో ఆ రంగు వెనక్కి వచ్చింది. ఆ మధ్యలో పెరిగిన పిల్లలందరికీ కాన్సస్ అంటే నలుపు తెలుపే.

మన దగ్గర లెక్క ఇంకో తీరు. 'పాతాళభైరవి' (1951) మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల నుంచి పుట్టింది. 'మాయాబజార్' (1957) వ్యాసుడి భారతంలో లేని, జనం నోళ్లలోనూ నాటకాల్లోనూ పెరిగిన శశిరేఖా పరిణయం. రెండింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలు పింగళి, కెమెరా మార్కస్ బార్ట్లీ. ఇవి క్యాసెట్లుగా, వీసీడీలుగా, డీవీడీలుగా ఇంటింటికీ చేరాయి. 28 రూపాయల వీసీడీ వచ్చిన రోజుల్లో పాత సినిమా కొనుక్కోవడం సామాన్యుడికీ అందింది, అది మంచి పనే. కానీ డిస్కులో ఉండేది సినిమా ఒక్కటే. నేను కొన్న ఒక జానపద సినిమా డీవీడీలో మూల కంపెనీ లోగో తిష్ట వేసుకుని కూర్చుంది, పాట మధ్యలో ముక్క ఎగిరిపోయింది. 2010లో 'మాయాబజార్' రంగుల్లోకి మారి థియేటర్లకు వచ్చింది. హైదరాబాద్ సంస్థ ఒకటి ఎంతో కష్టపడి చేసిన పని, కొత్త తరాన్ని హాలుకు రప్పించింది. అయితే అందులో కొన్ని పాటలకు కోత పడింది. నలుపు తెలుపుల్లో బార్ట్లీ పుట్టించిన వెన్నెలకు రంగులు పూస్తే అది ఇంకో వెన్నెల అవుతుంది. దాన్నీ ఉంచండి, అసలుదాన్నీ శుభ్రంగా స్కాన్ చేసి పక్కనే ఇవ్వండి.

ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే లేచి వెళ్లే షాటు చూసి నవ్వని తెలుగువాడు ఉండడు. అది ఎలా తీశారో, ఎన్ని టేకులు పట్టిందో, ఎవరి ఆలోచనో ఆ సినిమాతో పాటే వినే వీలు ఈ రోజుకీ లేదు. పింగళి 1971లో, కె.వి.రెడ్డి 1972లో, బార్ట్లీ 1993లో వెళ్లిపోయారు. వాళ్లను కూర్చోబెట్టి రీలు తిప్పుతూ మాట్లాడించే ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదు, అప్పటికి మన దగ్గర ఆ పద్ధతే లేదు. ఇప్పుడు ఆ సాకు చెల్లదు. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తొంభై ఏళ్లు దాటాక కూడా ఆ సెట్టు కబుర్లు ఇంటర్వ్యూల్లో ఉత్సాహంగా చెబుతున్నారు. అవి యూట్యూబులో ముక్కలు ముక్కలుగా తిరుగుతున్నాయి. కావాల్సింది మూడు గంటల కామెంటరీ, సీను పక్కన సీను ఆపి, ఇది ఇలా తీశామని చెప్పేది. ఒక మైకు, ఒక ప్రొజెక్టరు, ఆయనతో కూర్చుని సరైన ప్రశ్నలు వేయగల ఒక మనిషి. హక్కులున్నవాళ్లు ఆయన వీలు కనుక్కుని ఈ వారమే రికార్డింగుకు ఒక తేదీ ఖాయం చేయాలి.