నెల్లూరు పేరు, అమెజాన్ బూడిద

వియాటినా-19 ఫొటో కనబడితే చాలు, మన సోషల్ మీడియాకు పూనకం వస్తుంది. బ్రెజిల్‌లో దాదాపు రూ.40 కోట్ల ధర పలికిన, 1,101 కిలోలు తూగిన ఆ తెల్లావు మన ఒంగోలు జాతిదే. అక్కడివాళ్లు ‘నెలోర్’ అనేది మన నెల్లూరునే. 1868లో బహియా రేవులో దిగిన జత మొదలుకొని, 1960ల్లో ఓడెక్కిన, ఒంగోలు పక్కనున్న కరవది పేరు మోసిన గిత్త దాకా కథ అందరికీ తెలిసిందే. ఆ జాతి అక్కడ ఏం పని చేస్తోందన్నది మాత్రం ఎవరూ అడగరు.

కబేళాకు వెళ్లడమే దాని పని. ప్రపంచంలో గొడ్డుమాంసం ఎగుమతిలో బ్రెజిల్‌ది మొదటి స్థానం. అక్కడ మాంసానికి పెంచే మందల్లో సింహభాగం నెలోర్, దాని సంకరాలే. ఇంకో మాట కూడా అంటాను: ఈ పశువే లేకపోతే అమెజాన్ ఇంత తేలిగ్గా పచ్చికబయలయ్యేది కాదు.

పోర్చుగీసువాళ్లు తెచ్చిన యూరప్ పశువులు అక్కడి ఎండకు, పిడుదులకు, అవి అంటించే జ్వరాలకు చతికిలబడేవి. మనదానికి వదులు తోలు, వేలాడే గంగడోలు, పొట్టి తెల్లని వెంట్రుకల కింద నల్లని చర్మం ఉన్నాయి. చెమట గ్రంథులూ ఎక్కువ. ముతక గడ్డి తిన్నా ఒళ్లు తీయదు. నల్లరేగడిలో ఎర్రటెండకు అరక లాగడానికి మన రైతు తరతరాలుగా ఏరుకున్న గుణాలివి. అవే గుణాలు అక్కడ అడవిని తినేశాయి.

ఎలాగంటే, ముందు విలువైన కలప తీసేస్తారు. వానలు వెనకబట్టాక మిగతాది నరికి ఎండనిస్తారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నిప్పు పెడతారు. తొలకరి పడగానే బూడిదలో ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియారియా గడ్డి విత్తనం చల్లి, తీగ కంచె లాగి, పశువుల్ని తోలతారు. రెండున్నర ఎకరాలకు ఒక్క పశువు, అంతే. ఆ బూడిద సత్తువ కొన్నేళ్లే. నేలలో భాస్వరం తగ్గి కలుపు పైకొస్తుంది. బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో విడుదల చేసిన ‘మరండు’ అనే బ్రాకియారియా రకమైతే నీళ్లు నిలిచే నేలల్లో వేరు కుళ్లి గుంపులు గుంపులుగా చస్తుంది. ఎరువేసి బాగుచేసుకోవడం కన్నా పక్క అడవి నరకడమే చవక.

పాపమంతా సోయాది, భూకబ్జాదారులది, నోరులేని పశువునంటే ఏం లాభం అనేవాళ్లున్నారు. సగం నిజం. కానీ సోయాకు రోడ్డు, యంత్రం, ఎరువు కావాలి. పశువైతే తన కాళ్ల మీద తానే బజారుకు నడిచొస్తుంది. ఆక్రమించిన నేల ‘సాగులో ఉంది’ అని చూపడానికి ఇంతకన్నా చవకైన సాక్ష్యం దొరకదు.

ఒక దూడ వెంట వెళ్దాం. అమెజాన్ అడవులున్న పారా రాష్ట్రంలో, అక్రమంగా నరికిన చోట పుట్టింది. ఏడెనిమిది నెలలకు పాలు మాన్పిస్తారు, అప్పటికి రెండొందల కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని మరొకడు కొని ఎదగనిస్తాడు. ఆఖరున బలిపించే ఆసామి చేతికొస్తుంది. కబేళా గేటు దగ్గర కనబడేవి ఈ మూడో ఆసామి కాగితాలే. అడవి నరికినచోట కొనబోమని 2009లో పెద్ద మాంసం కంపెనీలు మాటిచ్చాయి, కానీ ఆరా తీసింది ఎక్కువగా తమకు నేరుగా అమ్మేవాడి గురించే. జీటీఏ అనే రవాణా పత్రం ఉంది గానీ, అది గాలికుంటు లాంటి జబ్బుల కట్టడికి పుట్టింది. అందులో ఎన్ని తలలు, ఏ వయసు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని ఉంటుంది. ఫలానా దూడ అనే ఆనవాలుండదు. నలభై దూడలు వెళ్లి మూడొందల మందలో కలిస్తే పుట్టుక అక్కడితో తెగిపోతుంది.

నాకు మండేది ఇక్కడే. బ్రెజిల్‌లోని ఊబెరాబా ఊళ్లో ఉన్న జెబూ (మూపురం పశువుల) పెంపకందారుల సంఘం రిజిస్టర్లలో మేలుజాతి నెలోర్ తల్లిదండ్రుల వంశం తరాల వెనక్కి దొరుకుతుంది. వీర్యం అమ్మడానికి ముత్తాత పేరు కావాలి, మాంసం అమ్మడానికి పుట్టిన ఊరు కూడా అక్కర్లేదు! మన ఒంగోలు గిత్తది ఇంకో దురవస్థ. ట్రాక్టరొచ్చి అరక పోయింది, జెర్సీ సంకరం వచ్చి దొడ్డి పోయింది. చదలవాడ, లాం క్షేత్రాలు, బండలాగుడు పోటీల రైతులు కాపాడుతున్నంతే మిగిలింది. అయినా పాడి గేదెకు సైతం 12 అంకెల చెవిపోగు వేసే పని మన దగ్గర నడుస్తోంది. బ్రెజిల్ 2024 చివర్లో ప్రకటించిన పథకం ప్రకారం ప్రతి పశువుకూ గుర్తింపు సంఖ్య పడేది 2032కి. నెలోర్ కోడె కబేళాకు చేరడానికి మూడేళ్లు చాలు. ఈలోగా రెండు తరాలు ఏ పోగూ లేకుండానే కత్తి కిందికి వెళ్లిపోతాయి.