అన్నం పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే

2025 నవంబర్‌లో మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నేత హిడ్మా చనిపోయిన దగ్గర్నుంచి ఏ టీవీ పెట్టినా మావోయిస్టుల కథ అయిపోయింది అనే మాటే. మా జిల్లావాళ్ళకి ఇది కొత్త కాదు, నల్లమలలో ఆ కథ ఎప్పుడో అయిపోయింది, అయిపోయాక జనం ఎట్లా బతుకుతారో చూడాలంటే పెద్దదోర్నాల దాటి చెంచు గూడేలకి పోతే చాలు.

2004 అక్టోబర్‌లో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నేత రామకృష్ణ వాళ్ళు అడవిలోంచి బయటికొచ్చింది ఇక్కడి చిన్నారుట్ల గూడెం దగ్గరే. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయినయ్, ఏప్రిల్‌లో ఒంగోల్లో ఎస్పీ మీద పేలుడు, 2006 జులైలో నల్లమలలో మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి మాధవ్ ఎన్‌కౌంటర్, 2007 సెప్టెంబర్‌లో నెల్లూరు జిల్లా వాకాడు దగ్గర మాజీ సీఎం నేదురుమల్లి దంపతుల కాన్వాయ్ మీద మందుపాతర, ముగ్గురు పోయారు. ఇవన్నీ ఫ్రంట్ పేజీ వార్తలే, గూడెం మాత్రం ఏ పేజీలోనూ సరిగ్గా రాలేదు, ఆ తప్పులో పత్రికలుగా మాకూ వాటా ఉంది.

గూడెంలో జరిగింది ఏంటంటే, రాత్రి అన్నలొచ్చి అన్నం అడిగితే పెట్టాలి, పొద్దున్నే పోలీసులొచ్చి ఎందుకు పెట్టావంటే జవాబు చెప్పాలి. సంతలో నాలుగు కేజీల బియ్యం ఎక్కువ కొంటే ఎవరికోసం అనే ప్రశ్న, ఊరికే టౌన్‌కి పోయొస్తే ఇన్‌ఫార్మర్ అనే అనుమానం. అట్లాంటప్పుడు జనం నేర్చుకున్న ఒకే ఒక్క ఉపాయం మాట్లాడకపోవడం. ఎవరొచ్చారు? తెలీదు సార్. ఎటు పోయారు? చూడలేదన్నా. దీన్ని భయం అని తేలిగ్గా అనేస్తాం గానీ, పిల్లల్ని బతికించుకోవడానికి వాళ్ళ చేతిలో ఉన్న తెలివి అదే.

చెంచులు కొండ చరియల్లో తేనె తీసేటప్పుడు ఒకడు తాడు పట్టుకుని కిందికి దిగుతాడు, పైన ఆ తాడుకి కాపలా ఉండేది వాడి బావమరిది. ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలో అంత లెక్కగా ఏర్పాటు చేసుకున్న జనం మధ్యలోకి ఎవడు ఎవరికి సమాచారం ఇస్తున్నాడో అనే అనుమానం వచ్చి పడింది, మా దృష్టిలో తుపాకీ చేసిన నష్టంలో పెద్దది ఇదే, దీనికి ఏ ప్రభుత్వమూ పరిహారం కట్టలేదు.

ఇప్పుడు అన్నలు లేరు, కూంబింగ్ లేదు. ఇప్పటి బెంగ వేరే, ఇది టైగర్ రిజర్వ్, రాత్రయితే శ్రీశైలం ఘాట్ రోడ్డు గేటు మూస్తారు, పులుల కోసం అది కావాల్సిందే, మేం కాదనం. కానీ గూడెం మనిషికి అడవిలోకి పోవాలంటే అప్పుడూ భయమే ఇప్పుడూ భయమే, అడిగే యూనిఫాం మారిందంతే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, అడవి భూమి పట్టా కోసం ఇంకా కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళున్నారు.

మేం అడిగేది పెద్ద ప్యాకేజీ కాదు. ఇన్‌ఫార్మర్ పేరుతో అన్నలు చంపినవాళ్ళు, అన్నలకి సాయం చేశారని కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు, రెండు రకాల కుటుంబాల వివరాలూ ఒకే రిజిస్టర్లో రాయండి. కలెక్టర్ గారు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్ళనీ, ఫారెస్ట్ వాళ్ళనీ వెంటబెట్టుకుని గూడెంలోనే కూర్చుని ఆ పేర్లు రాయించాలి, పెండింగ్ పట్టాలు అక్కడే తేల్చాలి, ఆ రోజు పోలీసు జీపు మాత్రం గూడెం దాకా రాకుండా దోర్నాల్లోనే ఆగాలి.