పల్స్ గడియారమా, స్విచ్చా? అతివేగ ఫైబర్ లేజర్లపై ఒక వాదోపవాదం

చర్చకు పెట్టిన ప్రతిపాదన ఇది: "అతివేగ ఫైబర్ లేజర్లు చేతికి అందాయి గనుక, ఫైబర్‌లో వచ్చే సంకేతాన్ని ఎలక్ట్రానిక్ చిప్‌లోకి దించకుండా, కాంతి రూపంలో ఉండగానే మలచడం, వేరుచేయడం, మరమ్మతు చేయడం మేలు." దీన్ని సమర్థించేవారిని కాంతివాది అనీ, కాదనేవారిని ఎలక్ట్రాన్‌వాది అనీ పిలుద్దాం. మొదటివారి పని లేజర్ల నిర్మాణం, రెండోవారి పని రిసీవర్ చిప్‌ల రూపకల్పన. కాబట్టి ఎవరి పక్షపాతం ఎటో పాఠకులకు ముందే తెలిసిపోతుంది.

కాంతివాది: ముందుగా పరికరం గురించి చెప్పనివ్వండి. ఎర్బియం అయాన్లు కలిపిన గాజు ఫైబర్ 1530 నుంచి 1565 నానోమీటర్ల మధ్య కాంతిని వర్ధనం చేస్తుంది, అంటే దాని బలాన్ని పెంచుతుంది. సాధారణ ఫైబర్‌లో నష్టం అతి తక్కువగా, కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే ఉండే ప్రాంతం కూడా అదే కావడం మన అదృష్టం. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందమూ, బెల్ ల్యాబ్స్‌లో ఎమ్మాన్యుయెల్ డెసుర్వీర్ బృందమూ చూపించిన యాంప్లిఫయర్‌కు మూలం ఈ గుణమే. అదే ఫైబర్‌ను వలయంగా కలిపి, బలహీనమైన కాంతిని అడ్డగించి తీవ్రమైన కాంతిని పోనిచ్చే ఒక భాగాన్ని అందులో చేర్చామంటే, వలయంలోని వేలాది మోడ్‌లు, అంటే అందులో నిలవగల వేర్వేరు కాంతి పౌనఃపున్యాలు, ఒకే దశకు (ఫేజ్‌కు) కట్టుబడి, చిందరవందరగా ఉన్న కాంతి ఒక్క పల్స్‌గా ముడుచుకుంటుంది. మోడ్ లాకింగ్ అంటే ఇదే. వలయం పొడవు 2 మీటర్లయితే ఒక చుట్టుకు సుమారు 10 నానోసెకండ్లు పడుతుంది కనుక, సెకనుకు దాదాపు 10 కోట్ల పల్స్‌లు బయటికి వస్తాయి. ఒక్కో పల్స్ నిడివి 100 ఫెమ్టోసెకండ్లు (ఫెమ్టోసెకండు అంటే సెకనులో పది కోట్ల కోట్ల వంతు), అందులోని శక్తి కేవలం ఒక నానోజౌల్ అనుకుందాం. అయినా దాని శిఖర సామర్థ్యం 10 కిలోవాట్లు అవుతుంది. అంత సామర్థ్యం సుమారు 10 మైక్రోమీటర్ల వ్యాసమున్న కాంతి మార్గంలో బంధించబడి ఉన్నప్పుడు, గాజు ఇక నిష్క్రియమైన గొట్టంగా ఉండలేదు.

ఎలక్ట్రాన్‌వాది: లేజర్ గొప్పతనాన్ని నేను కాదనలేదు. ఆ పల్స్‌తో సంకేతానికి మీరు ఏం చేయిస్తారన్నదే నా ప్రశ్న.

కాంతివాది: స్విచ్ పని చేయిస్తాను. కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం రవ్వంత పెరుగుతుంది. దీనికి కెర్ ప్రభావమని పేరు. గాజులోని ఎలక్ట్రాన్ మేఘాలు ఈ మార్పుకు కొద్ది ఫెమ్టోసెకండ్లలోనే స్పందిస్తాయి. ఏ ట్రాన్సిస్టరూ ఆ దరిదాపులకు రాలేదు. 1988లో డోరాన్, వుడ్ ప్రతిపాదించిన లూప్ దర్పణంలో ఒకే పల్స్‌ను రెండుగా చీల్చి వలయంలో ఎదురెదురుగా పంపుతారు. ఆ రెండింటి దశల్లో వచ్చే తేడాను బట్టి కాంతి ఒక ద్వారం నుంచి గానీ మరో ద్వారం నుంచి గానీ బయటపడుతుంది. అరేఖీయత, అంటే కాంతి తీవ్రతను బట్టి మారే గుణం, ఎక్కువగా ఉండేలా తయారుచేసిన ఫైబర్‌లో, వాట్‌కు కిలోమీటరుకు 10 రేడియన్ల దశ మార్పు వస్తుందనుకుంటే, ఒక కిలోమీటరు పొడవులో స్విచ్‌ను పూర్తిగా తిప్పడానికి 0.3 వాట్ల శిఖర సామర్థ్యం చాలు. ఒక పికోసెకండ్ పల్స్‌కు అది 0.3 పికోజౌల్ మాత్రమే.

ఎలక్ట్రాన్‌వాది: మీ లెక్కలో తప్పు లేదు, దాని మూల్యాన్ని మాత్రం మీరు చెప్పలేదు. ఆ కిలోమీటరు ఫైబర్‌ను దాటడానికి కాంతికి 5 మైక్రోసెకండ్లు పడుతుంది. అంటే మీ స్విచ్ ఫెమ్టోసెకండ్లలో స్పందిస్తుంది గానీ, జవాబు ఇవ్వడానికి అంతకు వంద కోట్ల రెట్లు కాలం తీసుకుంటుంది. నియంత్రించే పల్స్, నియంత్రణకు లోనయ్యే పల్స్ వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో ఉంటే, వాటి వేగాల తేడా వల్ల దారి మధ్యలోనే ఒకదాన్నొకటి దాటిపోతాయి. గది ఉష్ణోగ్రత మారితే ధ్రువణం, అంటే కాంతి తరంగం కంపించే దిశ, తిరిగిపోతుంది. ఇక శక్తి సంగతికొస్తే, మీ 0.3 పికోజౌల్ అంటే 300 ఫెమ్టోజౌల్స్. నా చిప్‌లో ఒక గేటు మారడానికి పట్టేది ఫెమ్టోజౌల్ స్థాయి, తరచుగా అంతకన్నా తక్కువే. 2010లో డేవిడ్ మిల్లర్ ఆప్టికల్ ట్రాన్సిస్టర్‌కు ఉండవలసిన లక్షణాలను సూటిగా ముందుంచారు: ఒక స్విచ్ ఫలితం కనీసం రెండు తదుపరి స్విచ్‌లను నడపగలగాలి, ప్రతి అంచెలోనూ సంకేత స్థాయి తిరిగి శుభ్రపడాలి, ఫలితం వెనక్కి వెళ్లి మూలాన్ని కలవరపెట్టకూడదు, సున్నితమైన సర్దుబాట్ల మీద ఆధారపడకూడదు. మీ లూప్ దర్పణం వీటిలో ఎన్నింటిని నెరవేరుస్తుందో మీరే చెప్పండి.

కాంతివాది: సంకేత స్థాయిని శుభ్రపరచడం సాధ్యమే. 1998లో మామిషెవ్ చూపిన పద్ధతిలో, పల్స్ తన తీవ్రత వల్ల తానే తన వర్ణపటాన్ని వెడల్పు చేసుకుంటుంది. ఆ వెడల్పులో మధ్య భాగాన్ని వదిలేసి, పక్కకు జరిపిన ఫిల్టర్‌తో ఒక ముక్కను తీసుకుంటే, బలహీనమైన నాయిస్ వర్ణపటం వెడల్పు కాదు గనుక ఫిల్టర్‌ను దాటలేదు, బలమైన పల్స్ మాత్రం దాదాపు ఒకే స్థాయికి వచ్చి నిలుస్తుంది. ఒక ఫైబర్, ఒక ఫిల్టర్ తప్ప అందులో మరేమీ లేదు.

ఎలక్ట్రాన్‌వాది: పల్స్ ఉంటే 1, లేకపోతే 0 అన్న కాలానికి అది చక్కటి ఉపాయమే. నేటి దూర ప్రసారాల్లో సమాచారం కాంతి దశలోనూ, తరంగ పరిమాణంలోనూ (ఆంప్లిట్యూడ్), రెండు ధ్రువణాల్లోనూ పరుచుకుని ఉంటుంది. అన్ని పల్స్‌లనూ ఒకే స్థాయికి తెచ్చే మీ పరికరం ఆ పరిమాణ భేదాలనే చెరిపేస్తుంది. పోనీ, వేగం విషయానికే వద్దాం. 2000లో జపాన్‌లో నకజావా బృందం ఒకే తరంగదైర్ఘ్యంపై సెకనుకు 1.28 టెరాబిట్లను 70 కిలోమీటర్లు పంపింది. ఆ వేగానికి ఏ ఎలక్ట్రానిక్ సర్క్యూటూ చాలదు గనుక, కలిపి పంపిన బిట్ల వరుసలను విడదీయడానికి కాంతి స్విచ్‌లు తప్పలేదు. తరువాత ఏం జరిగింది? 2008 నుంచి వాణిజ్య రిసీవర్లలో కాంతి దశను కూడా కొలిచే కోహెరెంట్ గ్రహణమూ, డిజిటల్ సంకేత ప్రక్రియా వచ్చాయి. ఫైబర్ విక్షేపణాన్నీ (వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వేర్వేరు వేగాలతో పోవడం) ధ్రువణపు తిరుగుడునూ చిప్‌లోని లెక్కలే సరిచేస్తున్నాయి. ఒకే వరుసను ఎంత వేగంగా తోసినా, తక్కువ వేగపు వరుసలను అనేక తరంగదైర్ఘ్యాలపై పంపితే వచ్చే ఫలితం కన్నా అది చౌకా కాలేదు, నమ్మదగినదీ కాలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లయింది. వీటన్నిటికీ మించి, కాంతిని మీరు నిలబెట్టలేరు: ఫైబర్‌లో నానోసెకండుకు అది 20 సెంటీమీటర్లు పోతుంది. ఒక మైక్రోసెకండు దాచుకోవాలంటే 200 మీటర్ల చుట్ట, ఒక మిల్లీసెకండుకైతే 200 కిలోమీటర్లు కావాలి. జ్ఞాపకశక్తి లేని చోట ప్యాకెట్ల తర్కాన్ని ఎలా నడుపుతారు?

(ఇక్కడ కాంతివాది వెంటనే జవాబివ్వలేదు. స్విచ్ వాదాన్ని ఇంకా మోయడం అనవసరమని వారికీ అనిపించి ఉండాలి. నాకైతే ప్రతిపాదనలో అంతవరకూ ఉన్న బలహీనమైన భాగం అదేననిపిస్తుంది.)

కాంతివాది: తర్కమూ జ్ఞాపకమూ మీకే వదిలేస్తాను. మీ చిప్ మొదటి గుమ్మం దగ్గర, అంటే అనలాగ్ సంకేతం అంకెగా మారే క్షణంలో, సమయాన్ని ఎవరు చెబుతున్నారు? నమూనా తీసే క్షణం అటూ ఇటూ వణికితే, వేగంగా మారే సంకేతంలో ఆ వణుకు నేరుగా విలువలో దోషంగా మారుతుంది. 40 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని 100 ఫెమ్టోసెకండ్ల జిట్టర్ (ఆ వణుకు పేరే ఇది) ఉన్న గడియారంతో నమూనా తీస్తే, సంకేతానికీ దోషానికీ నిష్పత్తి 32 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. మిగతా సర్క్యూట్ ఎంత పరిపూర్ణంగా ఉన్నా సుమారు 5 బిట్ల కచ్చితత్వానికి మించి రాదు. జిట్టర్‌ను 10 ఫెమ్టోసెకండ్లకు తగ్గిస్తే అదే సంకేతానికి 8 బిట్లకు పైగా దక్కుతాయి. 2012లో ఎంఐటీ నేతృత్వంలోని బృందం మోడ్ లాకింగ్ లేజర్ పల్స్‌లను గడియారంగా వాడి, 41 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని 7 బిట్ల సార్థక కచ్చితత్వంతో అంకెలుగా మార్చింది. అక్కడ కాంతి ఏ నిర్ణయమూ తీసుకోలేదు, "ఇప్పుడు" అని మాత్రమే చెప్పింది.

ఎలక్ట్రాన్‌వాది: మీరు ప్రతిపాదనను సవరించారని చర్చ చదివేవారు గుర్తిస్తారు. సరే, సవరించిన రూపంలోనే దాన్ని పరీక్షిద్దాం. లేజర్ గడియారాల ఘనతకు సాక్ష్యంగా 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన ప్రయోగాన్ని మీవారు తరచుగా ఉదహరిస్తారు. కాంతి పౌనఃపున్యాన్ని విభజించి అతి తక్కువ నాయిస్ ఉన్న 10 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌ను అక్కడ పుట్టించారు. అందులో వాడినవి టైటానియం కలిపిన నీలమణి స్ఫటికపు లేజర్లు, ఫైబర్ లేజర్లు కావు. ఫైబర్ వలయంలో ప్రతి చుట్టుకూ నష్టం ఎక్కువ, ఆ నష్టాన్ని పూడ్చే వర్ధనమూ ఎక్కువే. వర్ధనంతో పాటు స్వతఃసిద్ధంగా వెలువడే కాంతి కూడా పెరిగి పల్స్‌ను కాలంలో ముందుకూ వెనక్కూ నెడుతుంది.

కాంతివాది: ఆ నెట్టుడు ఎంతన్నది వలయంలోని మొత్తం విక్షేపణం మీద ఆధారపడుతుంది. ఒక గుర్తు విక్షేపణమున్న ఫైబర్‌ను వ్యతిరేక గుర్తున్న ఫైబర్‌తో కలిపి మొత్తాన్ని సున్నాకు దగ్గరగా తెస్తే, నాయిస్ వల్ల వచ్చే మధ్య పౌనఃపున్యపు కదలిక సమయపు కదలికగా మారే దారి చాలావరకు మూసుకుపోతుంది. అదే సంవత్సరం, 2011లో, కొరియాలోని కైస్ట్ బృందం ఎర్బియం ఫైబర్ లేజర్‌లోనే జిట్టర్‌ను 100 అట్టోసెకండ్ల (అట్టోసెకండు అంటే ఫెమ్టోసెకండులో వెయ్యో వంతు) కన్నా తక్కువకు తెచ్చి చూపింది.

ఎలక్ట్రాన్‌వాది: ఆ సంఖ్య 10 కిలోహెర్ట్జ్‌కు పైబడిన వేగవంతమైన వణుకుకు సంబంధించినది. నెమ్మదిగా సాగే కదలిక, అంటే గది వెచ్చబడినందువల్ల వలయం పొడవు పెరిగితే వచ్చేది, అందులో చేరదు. దానికి మీకు వేరే ప్రమాణమూ, ఫీడ్‌బ్యాక్ లూపూ కావాలి. ఆ లూప్‌ను నడిపేది మళ్లీ నా సర్క్యూటే.

కాంతివాది: నడపనివ్వండి. ఆ పనికి మీరే తగినవారు.

ఎలక్ట్రాన్‌వాది: ఇంకొక అభ్యంతరం ఉంది, ప్రయోగశాలల బయట దీనికే ఎక్కువ బరువు. ధ్రువణ భ్రమణంతో మోడ్ లాక్ అయ్యే మీ లేజర్లు ఫైబర్ కాస్త వంగినా పల్స్‌లు మానేస్తాయి. ఎవరో ఒకరు ధ్రువణ నియంత్రకాలను తిప్పుతూ కూర్చోవాలి. బలహీనమైన కాంతిని అడ్డగించే ఆ భాగం పనికి 1992లో ఉర్సులా కెల్లర్ అర్ధవాహక దర్పణాన్ని తెచ్చారు, 2000ల తొలి సంవత్సరాల్లో కార్బన్ నానోట్యూబులు వచ్చాయి, 2009లో గ్రాఫీన్ వచ్చింది. ఆ తరువాత కొత్త పలుచని పదార్థం పేరు వినబడినప్పుడల్లా దానితో మోడ్ లాకింగ్ చేశామన్న పరిశోధన పత్రం వెలువడుతూనే ఉంది. వాటిలో ఎన్నింటిని నిత్యం నడిచే యంత్రంలో బిగించారు?

కాంతివాది: పత్రాల వరద గురించి మీ చిరాకులో న్యాయముంది. పదార్థం మారినంత మాత్రాన పల్స్ మెరుగుపడదని నేనూ అంటాను. పరిష్కారం వేరే దారిలో వచ్చింది: వలయమంతా ధ్రువణాన్ని కాపాడే ఫైబర్‌తోనే కట్టి, మనం ఇందాక స్విచ్ అని తగాదాపడిన ఆ లూప్ దర్పణాన్నే వర్ధనంతో కలిపి, లేజర్ లోపల పల్స్‌ను మలిచే భాగంగా పెట్టడం. అక్కడ అది ఏ తర్కాన్నీ నడపనవసరం లేదు, ఒకే పల్స్‌ను చుట్టు చుట్టుకూ కొంచెం చెక్కితే చాలు. తిప్పవలసిన మరలు అందులో ఉండవు, పాడైపోయే సున్నితమైన పొరలూ ఉండవు. ఫైబర్ ఫెమ్టోసెకండ్ లేజర్‌ను కొరియా 2013లో ఉపగ్రహంలో పెట్టి అంతరిక్షానికే పంపింది.

ఎలక్ట్రాన్‌వాది: అక్కడ రేడియేషన్ తగిలి ఎర్బియం ఫైబర్ నల్లబడుతుందన్నది కూడా తెలిసిన విషయమే. దాన్ని పక్కన పెడదాం. గడియారం మీది, నిర్ణయం నాది అన్న పంపకానికి నాకు అభ్యంతరం లేదు. ఇంకా ఏదైనా కాంతి చేత చేయించాలని మీకుంటే, ఎలక్ట్రానిక్స్ చేయలేనిదే అడగండి.

కాంతివాది: అయితే ఇది వినండి. 100 ఫెమ్టోసెకండ్ల పల్స్ లోపల ఏముందో మీ ఆసిల్లోస్కోప్ చూడలేదు. ఆ పల్స్‌ను 10 కిలోమీటర్ల సాధారణ ఫైబర్ గుండా పంపితే, కిలోమీటరుకు నానోమీటరుకు 17 పికోసెకండ్ల విక్షేపణం వల్ల ఒక్కో నానోమీటరు 170 పికోసెకండ్ల దూరానికి పరుచుకుంటుంది. అందులో 10 నానోమీటర్ల వర్ణపట భాగం 1.7 నానోసెకండ్ల పొడవు తరంగమవుతుంది. వర్ణపటమే కాలంగా మారిపోయింది. 50 పికోసెకండ్లను విడదీయగల సాధారణ రిసీవర్ దాన్ని 0.3 నానోమీటర్ల వివరంతో చదువుతుంది, అదీ సెకనుకు 10 కోట్ల సార్లు, ప్రతి పల్స్‌నూ విడివిడిగా. 2007లో సొల్లి, జలాలీ బృందం ఫైబర్‌లో అరుదుగా లేచే రాక్షస తరంగాలను పట్టుకున్నది ఈ ఉపాయంతోనే. మోడ్ లాకింగ్ మొదలయ్యే తొలి క్షణాలను చూడగలిగిందీ దీనితోనే.

ఎలక్ట్రాన్‌వాది: ఇది అంగీకరిస్తాను, ఈ పని నా వల్ల కాదు. ఇక్కడ మీ ఫైబర్ ఏ స్విచ్చూ లేకుండా, విద్యుత్తు ఖర్చు లేకుండా, సంకేతాన్ని పౌనఃపున్యాలుగా విడదీసే ఫూరియర్ పరివర్తనాన్ని చేసిపెడుతోంది. తరువాతి దశ చూడండి: సెకనుకు 5,000 కోట్ల నమూనాలు, ఒక్కోటి 8 బిట్లు అంటే 400 గిగాబిట్ల ప్రవాహం. దాన్ని గంటసేపు నిల్వ చేయమంటే ఎవరు చేస్తారు?

కాంతివాది: అంకెలుగా మార్చకముందే తగ్గించాలి. విక్షేపణాన్ని అంతటా ఒకే తీరుగా కాక, వివరం దట్టంగా ఉన్న చోట ఎక్కువగానూ పలుచగా ఉన్న చోట తక్కువగానూ సాగేలా తీర్చితే, అదే సమాచారం తక్కువ నమూనాల్లో ఇముడుతుంది.

ఎలక్ట్రాన్‌వాది: వివరం ఎక్కడ దట్టంగా ఉంటుందో ముందే తెలిసిన సంకేతానికే ఆ ఉపాయం పనికొస్తుంది. తెలియని సంకేతం వస్తే, మీరు తగ్గించి పారేసిన చోటే అసలు విషయం ఉండవచ్చు.

కాంతివాది: నా లేజర్ వర్ణపటం ఏ ఆకారంలో ఉంటుందో నాకు తెలుసు. మీ రిసీవర్‌కు వచ్చే సంకేతం సంగతి మీరు చెప్పండి, దానికి తగిన ఫైబర్‌ను నేను కొలిచి ఇస్తాను.