ఆలస్యానికి టిక్కెట్టు

ఆవిరి రైలెక్కడానికి ఆవిరి రైల్లో వెళ్లినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరూ కార్లలోనే వస్తారు. కొందరు దగ్గర్లోని మామూలు స్టేషన్లో కరెంటు రైలు దిగి, అది నాలుగు నిమిషాలు ఆలస్యమైనందుకు రైల్వే వ్యవస్థ మీద పళ్లు నూరుతూ నడిచి వస్తారు. వచ్చి, నత్తతో పందెం కట్టినట్టు కాసేపు పోయి, చివరికి ఎక్కినచోటే దింపే, ముచ్చట కోసం నడిపే పాతకాలపు పొగబండికి వారాల ముందే టిక్కెట్టు సంపాదించిన సంగతిని పక్కవారికి గర్వంగా చెప్పుకుంటారు. ఇందులో వైరుధ్యం ఉందని తొందరపడి నవ్వేవారికి ఆర్థికశాస్త్రం తెలియదని నా అభిప్రాయం. ఆలస్యం ఊరికే దొరికితే అన్యాయం, డబ్బిచ్చి కొనుక్కుంటే వారసత్వం. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగతాదంతా దానంతటదే బోధపడుతుంది.

ఈ సూత్రాన్ని మొదట ఆచరణలో పెట్టినది వేల్స్‌లో. అక్కడ మూతపడబోతున్న తాలిలిన్ అనే చిన్న నారో గేజ్ లైనును 1951లో ఔత్సాహికులు చేతుల్లోకి తీసుకుని, జీతం లేకుండా నడపసాగారు. అయితే నన్ను అమితంగా ఆకర్షించే సంవత్సరం 1960. బ్రిటిష్ రైల్వే తన చిట్టచివరి ఆవిరి ఇంజిను ‘ఈవెనింగ్ స్టార్’ను తయారు చేసింది ఆ ఏడే. ఆవిరి బళ్లు అంతరించిపోతున్నాయన్న బెంగతో ఇంగ్లండులోని ససెక్స్‌లో కొందరు వాటిని బతికించుకోవడానికి బ్లూబెల్ రైల్వేను తెరిచిందీ ఆ ఏడే. ఒక గదిలో పురుడు పోస్తుంటే పక్క గదిలో తద్దినానికి ఏర్పాట్లు జరిగాయన్నమాట. ఆ కడగొట్టు బిడ్డ 1965 వరకే ఉద్యోగం చేసి విరమించింది. ఆ ఐదేళ్ల సర్వీసుకు ఈనాటికీ గౌరవమర్యాదలు అందుకుంటూనే ఉంది. ఇంత తక్కువ పనికి ఇంత ఎక్కువ పింఛను రాజకీయాల్లో తప్ప మరెక్కడా కనిపించదు.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఆవిరి ఇంజిను విషయంలో ఈ లెక్క కుదరదు. బతికున్నన్నాళ్లూ దానికి విలువ లేదు, చచ్చాకే వెయ్యి పలికింది. వేల్స్‌లోనే బారీ అనే రేవు పట్టణంలో పాత ఇనుము వ్యాపారులు ముక్కలు చెయ్యడానికి కొన్న ఇంజిన్లలో 213 తుప్పు పట్టి నిలబడి ఉండగా, వాటిని ఔత్సాహికులు ఒక్కొక్కటిగా కొనుక్కుపోయి బతికించారు. ఒక జాతి ఇంజిన్లు 49 ఉండగా ఒక్కటీ మిగల్లేదని తేలినప్పుడు ఔత్సాహికులు నిరుత్సాహపడలేదు; 1990లో సంఘం పెట్టి, చందాలు పోగుచేసి, 2008 నాటికి యాభయ్యోదాన్ని సరికొత్తగా తయారు చేసి ‘టోర్నడో’ అని పేరు పెట్టారు. పురాతన వస్తువును కొత్తగా తయారు చేయడం మామూలుగా నేరం. ఇక్కడ మాత్రం అది పద్ధెనిమిదేళ్ల తపస్సు. (వ్యంగ్యం పక్కన పెడితే, ఆ ఇంజిను ఫొటో చూసిన ప్రతిసారీ నాకూ నోరు తెరుచుకుపోతుంది. ఈ మాట దయచేసి పాఠకులు మనసులోనే ఉంచుకోవాలి.)

ఇక వేగం సంగతి. 1938లో ‘మల్లార్డ్’ అనే ఆవిరి ఇంజిను గంటకు 126 మైళ్లు, అంటే రెండు వందల కిలోమీటర్లు దాటి పరుగెత్తింది. బ్రిటన్‌లో ఇలా పాత బళ్లు నడిపే వారసత్వ లైన్లలో చాలావాటికి నేడు నిబంధన ప్రకారం ఉన్న హద్దు గంటకు 25 మైళ్లు. ఇది భద్రత కోసమని అధికారులంటారు కానీ నాకు నమ్మకం లేదు. పూర్వీకులు నెమ్మదిగా బతికారన్న మన నమ్మకాన్ని పూర్వీకుల యంత్రమే వమ్ము చేయకుండా పెట్టిన కట్టడి అది. మన దేశం ఇందులోనూ ఒక మెట్టు పైనే ఉంది. మెట్టుపాళయం నుంచి ఉదకమండలం (ఊటీ) వరకు 46 కిలోమీటర్లు ఎక్కడానికి నీలగిరి కొండ రైలు దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. ఆ నిదానానికి 2005లో యునెస్కో గుర్తింపు దక్కింది. మామూలు పాసింజరు బండి అంత సేపు పడితే దక్కేవి అర్జీలే. డార్జిలింగులో అయితే ఆవిరి బండి ఘూమ్ దాకా వెళ్లి, దారిలో బటాసియా దగ్గర తన చుట్టూ తానొక చుట్టు తిరిగి, జనాన్ని మళ్లీ డార్జిలింగులోనే దింపుతుంది. గానుగెద్దుకు లేని భాగ్యమల్లా ఇలా ఫొటోలు తీయించుకోవడమే.

బోగీలో కిటికీ దగ్గర ‘తల బయట పెట్టరాదు’ అని రాసి ఉంటుంది. అది చదివాకే ప్రతివారూ తల బయట పెడతారు. మలుపులో ఇంజిను కనిపిస్తుంది, కూత వినిపిస్తుంది, పొగ ఒక్క ఊపున వెనక్కి వాలుతుంది, బొగ్గు నుసి సరిగ్గా ఎడమ కంట్లో పడుతుంది. ఇంట్లో దుమ్ము పడితే చీపురు పట్టినవారిని నిలదీసే పెద్దమనిషి ఇక్కడ రుమాలు కొస మెలితిప్పి, దానికి నోటి ఆవిరి పట్టి, కన్నొత్తుకుంటూ ‘ఆహా, అసలైన అనుభూతి’ అంటాడు. ఆ రోజుకు ఆయన ఖర్చులేకుండా చూసిన ఆవిరి అదొక్కటే.

నుసితో తృప్తి పడనివారికి మరో సౌకర్యం ఉంది. చాలా వారసత్వ రైల్వేలు రుసుము తీసుకుని ఇంజినెక్కించి పార చేతికిస్తాయి. తెల్లవారకముందే వచ్చి నిప్పు రాజేసి, ఆవిరి తయారయ్యేదాకా గంటల తరబడి కాచుకుని, రోజంతా మంట ముందు నడుం వంచి, చివరికి బూడిద ఎత్తిపోసే ఈ పనికి పూర్వం కూలి ఇచ్చేవారు. ఇప్పుడు కూలివాడే ఎదురు కట్టి, రసీదు తీసుకుని, దాన్ని పటం కట్టించుకుంటున్నాడు. శ్రామికవర్గ చరిత్రలో ఇంత నిశ్శబ్దంగా ఓడిపోయిన ఉద్యమం మరొకటి లేదు. 2024 సెప్టెంబరులో తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసిన బ్రిటన్, ఆదివారపు సరదాకు మాత్రం బొగ్గు కాలుస్తూనే ఉంది. దీపానికి పనికిరాని బొగ్గు జ్ఞాపకానికి పనికొస్తుంది కాబోలు.

మొన్న ఇలాంటి యాత్రకు మా బాబాయి గారిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన ఒకప్పుడు ఆవిరి ఇంజిన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి కనుక, ఇంజిను చూడగానే కళ్లు చెమర్చుతాయని, ఆ క్షణాన్ని ఫోనులో పట్టుకోవాలని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ప్లాట్‌ఫాం మీద నిలబడి పొగ ఎటు పోతున్నదో ఒకసారి చూసి, అందరూ ఎగబడుతున్న ముందు పెట్టెను వదిలేసి, చిట్టచివరి పెట్టెలో గాలికి అవతలి వైపు కూర్చున్నారు. సొరంగం కనబడగానే లేచి కిటికీ రెక్క దించారు. తోటి ప్రయాణికులు ఆయన్ని వారసత్వ ద్రోహిని చూసినట్టు చూశారు. అవతలికి వచ్చేసరికి వాళ్లందరూ నల్లబడిన ముఖాలతో ఒకరి ఫొటో ఒకరు తీసుకుంటున్నారు; ఆయన చొక్కా మాత్రం తెల్లగానే ఉంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఉండబట్టలేక అడిగాను: “బాబాయి గారూ, ఒకసారి ఇంజినెక్కి పార పట్టుకుంటారా? డబ్బు నేను కడతాను.”

“కట్టడమేమిటి నాయనా? మా రోజుల్లో వాళ్లే మాకిచ్చేవాళ్లు. అది చాలకే సమ్మె చేశాం,” అని, కిటికీ రెక్క సరిగ్గా పడిందో లేదో మరోసారి చేత్తో నొక్కి చూసుకున్నారు.