బిల్లీ జీన్‌కి నాలుగో ర్యాంకా?

మైకేల్ జాక్సన్ పాటలకి ఎవరికి తోచినట్టు వాళ్లు ర్యాంకులు ఇచ్చేసుకుంటున్నారు, అడిగే నాథుడే లేడు. ఎంసెట్ ఫలితాలొస్తే టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి" అని గొంతు చించుకునే రాష్ట్రంలో, అమీర్‌పేటలో ఎటు చూసినా కోచింగ్ బోర్డులే కనబడే ఊళ్లో, ఇంత ముఖ్యమైన పనికి ఒక కన్వీనర్ లేకపోవడం సిగ్గుచేటు.

మొన్న ఇరానీ హోటల్లో ఒక మిత్రుడు 'థ్రిల్లర్' ఆల్బమ్ ర్యాంకులు చదివాడు. 1982లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఉన్నవే తొమ్మిది పాటలు. ఏడు విడివిడిగా సింగిల్స్‌గా కూడా వచ్చి, ఏడూ అమెరికాలో టాప్ టెన్‌కి ఎక్కాయి. మిగిలినవి 'బేబీ బి మైన్', 'ద లేడీ ఇన్ మై లైఫ్'. మావాడు ఆ 'బేబీ బి మైన్'ని తీసుకెళ్లి ఒకటో ర్యాంకులో కూర్చోబెట్టాడు. బిల్లీ జీన్‌కి నాలుగు. ఇదేం అన్యాయంరా అంటే "నా పర్సనల్ ఒపీనియన్ మామా" అన్నాడు. ఈ పర్సనల్ ఒపీనియన్ బండి అద్దానికి తగిలించిన హెల్మెట్ లాంటిది, ట్రాఫిక్ పోలీసు కనబడగానే నెత్తికెక్కుతుంది. ఎవరైనా మెచ్చుకున్నారా, అదే లిస్టు సంగీతం తెలిసినవాళ్ల తీర్పు అయిపోతుంది.

అతనికి ఆ పాట అంత నచ్చిందని కాదు. అందరికీ నచ్చిందే తనకీ నచ్చితే ఇక తన టేస్టుకి విలువేముంది? బిల్లీ జీన్‌లో గొంతు వినబడే ముందు దాదాపు అరనిమిషం మ్యూజిక్ మాత్రమే నడుస్తుంది, ఆ ముక్క పొడుగైపోయిందని, తగ్గించమని ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్ అంటే, అది వింటేనే నాకు డాన్స్ చెయ్యాలనిపిస్తుందని జాక్సన్ ఒప్పుకోలేదు. నేను ఫోన్లో అదే పెట్టాను. మావాడు మొహం సీరియస్‌గా పెట్టుకుని, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతున్నాడు గానీ, టేబుల్ కింద చెప్పు మాత్రం తాళం వేస్తూనే ఉంది. నాలుగో ర్యాంకు పాటకి!

అందుకే వెంటనే ఒక కమిటీ వెయ్యాలి. ముందు వెయిటేజీ సంగతి తేల్చాలి. 1985లో 'దొంగ' సినిమాలో చిరంజీవి 'థ్రిల్లర్' ఫక్కీలో చేసిన గోలీమార్ చూసి పెరిగినవాళ్లు 'థ్రిల్లర్' పాటకి ఆ మార్కులు కూడా కలిపేస్తున్నారు. తెలంగాణ ఎంసెట్‌లో ఇంటర్ వెయిటేజీనే ఎత్తేశారు, ఇదెందుకు ఉండాలి?

స్థానికత ఇంకా పెద్ద తలనొప్పి. 1987లో వచ్చిన 'బ్యాడ్' కేసెట్‌లో పది పాటలుంటే సీడీలో పదకొండు, ఎక్కువొచ్చింది 'లీవ్ మీ అలోన్'. కేసెట్ రిబ్బన్ పెన్సిల్‌తో చుట్టుకుని విన్నవాళ్ల లెక్కలో అది పక్కా నాన్-లోకల్. సీడీ వాళ్లేమో పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉందంటారు. కోర్టుకెళ్తే తప్ప తేలదు.

అదే ఆల్బమ్‌లో ఐదు పాటలు అమెరికాలో నంబర్ వన్ అయితే, 'స్మూత్ క్రిమినల్' ఏడు దగ్గరే ఆగిపోయింది. మన డాన్స్ మాస్టర్లని అడిగి చూడండి, ఆ ముందుకి వాలే స్టెప్పు తలుచుకుని కళ్లు మూసుకుని ఫస్ట్ ఇచ్చేస్తారు. స్టేజీ మీద ఆ వాలడం వెనకున్నది బూటు మడమలో గాడి, కిందనుంచి లేచే మేకు, వాటికి 1993లో పేటెంట్ కూడా వచ్చింది. న్యాయంగా అయితే మార్కులు మేకుకి పడాలి.

కమిటీ వేసేదాకా నా 'థ్రిల్లర్' లిస్టే అమల్లో ఉంటుంది. బిల్లీ జీన్ ఒకటి, 'హ్యూమన్ నేచర్' రెండు. ఎడీ వాన్ హేలెన్ గిటార్ పుణ్యమా అని 'బీట్ ఇట్'కి స్పోర్ట్స్ కోటాలో మూడు. కలిసి పాడిన బీటిల్స్ పాల్ మెకార్ట్నీ రికమండేషన్‌తో వచ్చిన 'ద గర్ల్ ఈజ్ మైన్'కి మేనేజ్‌మెంట్ కోటాలో ఎనిమిదో సీటు. 'బేబీ బి మైన్' తొమ్మిది. మధ్యలోవి మీ ఇష్టం, ఆ ర్యాంకులు ఫ్లెక్సీలో ఎవరూ వెయ్యరు. ఇది మాత్రం పర్సనల్ ఒపీనియన్ కాదు, ఫలితం. రీవాల్యుయేషన్ లేదు.